తిరిగొచ్చే జతలు

ఆ ఎండాకాలం మా హాల్లో పనిచేసే అందరికీ ఒక నెల జీతం బోనసుగా వచ్చింది. ఇప్పించింది నేనే. ఇప్పటికీ బస్సులో పాతవాళ్ళెవరైనా కనిపిస్తే లేచి సీటిస్తారు. "మైకక్కా, ఆ ఏడు నువ్వు లేకపోతే మా పిల్లదాని ఫీజు కట్టేవాళ్ళమే కాదు" అంటారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తాను. దిగాల్సిన చోటికంటే ముందే దిగి నడిచిపోయిన రోజులున్నాయి.

మైకక్క నా పేరు కాదు. మైకు లేకుండా గేటు దగ్గర మాట్లాడితే రోడ్డవతల టీ కొట్టుదాకా వినపడుతుందని పెట్టారు. పదో తరగతి తప్పినదాన్ని. కార్మిక చట్టాలు పాత పుస్తకాల దుకాణంలో తూకానికి కొన్న చిరుగు పుస్తకాల్లో చదువుకున్నాను. అర్థం కానిచోట అరిచేదాన్ని. చాలాసార్లు అర్థమైన దానికంటే అరుపే ఎక్కువ పనిచేసింది.

మాది ఆన్‌లైన్‌లో బట్టలూ బూట్లూ అమ్మే కంపెనీ. కొత్త సరుకు ముందు గేటునుంచి పోతుంది. జనానికి నచ్చనిదీ, సరిపోనిదీ, నాలుగు రోజులు వేసుకుని మోజు తీరినదీ వెనక గేటునుంచి తిరిగొస్తుంది. ఆ వెనక హాలు మాది. పైన రేకులు, కింద సిమెంటు, మధ్యలో మేం. పార్సిలు కోయాలి, వస్తువు తీయాలి, వాసన చూడాలి, మూడు పెట్టెల్లో ఒకదాంట్లో పడేయాలి. మళ్ళీ అమ్మేది ఒకటి, బాగుచేసేది ఒకటి, పారేసేది ఒకటి. మేం స్కాను కొట్టాక కొన్నవాళ్ళ డబ్బు కొన్నవాళ్ళకి వెళ్ళిపోతుంది. బూటు లోపలికి ముక్కు పెట్టి వాసన చూసే ఉద్యోగం అని చెబితే సంబంధాలు రావని నవ్వుకునేవాళ్ళం. పక్క బల్ల దగ్గర తిరిగి ప్యాకింగ్ చేసే బక్కమనిషి ఉండేవాడు, కాంట్రాక్టు మీద. రోజంతా చేతికి టేపు చుట్టుకుని తిరుగుతాడని అందరూ టేపు అనే పిలిచేవాళ్ళు. "మైకక్కా, నీ ముక్కుకి ఇన్సూరెన్సు చేయించు, కంపెనీ దానిమీదే నడుస్తోంది" అనేవాడు.

అంతకుముందు ఏడాది గేటు ముందు కూర్చుని ఒకటి సాధించాను. సంవత్సరం లాభం ఒక గీత దాటితే హాల్లో అందరికీ, కాంట్రాక్టు వాళ్ళతో సహా, ఒక నెల జీతం బోనసు. లాభంలో మాకూ వాటా కావాలని నేను అరిస్తే యాజమాన్యం ఒప్పుకుంది. ఇంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నారా అని అప్పుడు అనుకోలేదు. గెలిచినవాళ్ళు అలాంటివి అనుకోరు.

మా తమ్ముడు అదే కంపెనీలో పై అంతస్తులో అకౌంట్స్‌లో ఉండేవాడు. నేనూ, వాడూ, మరదలూ ఒకే ఇంట్లో. వాడి చదువు నా జీతంతోనే అయింది. ఈ మాట ఇక్కడ గొప్పకి చెప్పడం లేదు. వాడిమీద నాకు హక్కుందని నేనెలా అనుకునేదాన్నో తెలియాలని చెబుతున్నాను.

సంవత్సరం లెక్కలు మూసే ముందు చివరి మూడు వారాలు పెద్ద సేల్ పెట్టారు. సగం ధరకి నల్ల బూట్లు. పరిగెత్తేవాళ్ళు వేసుకునే రకం. జనం ఎగబడి కొన్నారు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం డాబా మీద నేనూ తమ్ముడూ ఆరిన బట్టలు తీస్తున్నాం. మరదలు కింద నీళ్ళు పట్టుకుంటోంది.

"అక్కా, ఆ నల్ల బూట్లు ఎలా ఉన్నాయి?" అన్నాడు.

"ఎలా ఉంటాయి, నల్లగా ఉన్నాయి."

"వెటకారం మాని చెప్పు. తిరిగొస్తున్నాయా?"

"అప్పుడే కొన్ని వచ్చాయి. ఈసారి కొత్త ఫ్యాక్టరీలో కుట్టించారటగా? ఏడో నంబరని ముద్ర కొట్టి ఆరు కుట్టారు. చెయ్యి పెట్టి చూశాను, వేళ్ళ దగ్గర పట్టేస్తోంది. పదిలో నాలుగు వెనక్కొస్తాయి, రాసిపెట్టుకో."

"మామూలుగా రెండేగా వచ్చేది."

"మామూలుగా కాలు పట్టే బూట్లు అమ్మేవాళ్ళుగా."

వాడు నవ్వలేదు. చొక్కా మడత సగంలో ఆపి ఆలోచనలో పడ్డాడు. నీకెందుకురా ఇదంతా అన్నాను. అప్పుడు చెప్పాడు. సేల్‌లో డబ్బు వచ్చేసింది. కానీ తిప్పి పంపడానికి జనానికి రెండు నెలల గడువుంది. ఈలోపే సంవత్సరం లెక్కలు మూసేస్తారు. అమ్మినదాంట్లో ఎంత తిరిగొస్తుందో ముందే అంచనా కట్టి, ఆ డబ్బు అమ్మకంలోంచి తీసేసి, జనానికి ఇవ్వాల్సిన బాకీగా రాయాలి.

"ఇంకా ఎవరూ అడగని బాకీనా?"

"అడుగుతారని తెలిసిన బాకీ."

"మరి తిరిగొచ్చే సరుకు? మళ్ళీ అమ్ముకుంటారుగా."

"అమ్మగలిగితే దాన్ని మన ఆస్తిలో చూపించుకోవచ్చు. కుట్టడమే తప్పయితే మళ్ళీ ఎవరు కొంటారు? అక్కడా తగ్గించాలి."

"నా మొహం. వచ్చినప్పుడు వచ్చినన్ని రాసుకుంటే పోలా?"

"పోదక్కా. ఈ ఏడు లాభం అని పంచుకుని తినేసి, వచ్చే ఏడు నష్టం అని ఎవర్ని కోస్తారు?"

"మేముండగా ఎవర్ని కోస్తార్లే" అని బట్టల మూట నెత్తిన పెట్టుకుని దిగాను.

వారం తిరక్కుండా మా మేనేజరు పిలిచాడు. ఏం మాట్లాడినా నవ్వుతూ మాట్లాడతాడు, చార్జిషీటు కూడా నవ్వుతూనే ఇస్తాడు. నవ్వులాయన అనేవాళ్ళం. ఆ రోజు కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. అన్నేళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు.

"మీరు పోయినేడు గెలుచుకున్న గీత ఇదిగోనమ్మా." కంప్యూటరు నావైపు తిప్పాడు. "మనం ఇక్కడున్నాం. వేలెడు దూరం."

"ఆ వేలెడు దేనివల్ల?"

"మూడేళ్ళుగా పదిలో రెండే తిరిగొస్తున్నాయి. ఈ ఏడూ రెండే వేస్తే గీత దాటతాం. అకౌంట్స్‌లో ఒకాయన బూట్లకి నాలుగు వేయాలంటున్నాడు. ఎక్కడ్నుంచి పట్టుకొచ్చాడో ఆ నాలుగు." నవ్వాడు. "మీ తమ్ముడే. బుద్ధిమంతుడు. ఇంట్లో ఓ మాట చెప్పి చూడండి."

ఆ నాలుగు ఎక్కడిదో నాకు తెలుసు. టీ తాగేసి లేచాను.

మర్నాడు పొద్దున బస్టాపులో అన్నాను. "ఆ బూట్ల అంకె తగ్గించరా."

"నువ్వేగా అక్కా చెప్పింది."

"మాటవరసకి అన్నాను."

"బూట్ల విషయంలో నువ్వు మాటవరసకి అనవు" అన్నాడు. బస్సొచ్చింది. ఇద్దరం ఎక్కాం. వేరే వేరే సీట్లలో కూర్చున్నాం.

హాల్లోకి కబురు నాకంటే ముందే వచ్చేసింది. ఎవరు చేరవేశారో అడగక్కర్లేదు. బల్ల దగ్గరికి వెళ్ళేసరికి టేపు తలెత్తకుండా అన్నాడు: "ఊరందరికీ అడ్డం మేనేజరనుకున్నాం మైకక్కా. అడ్డుపుల్ల మీ ఇంట్లోనే ఉందటగా."

"ఆ పుల్ల విరుస్తాలే" అన్నాను.

టేపు ఆ బోనసు చూసుకునే ఇల్లు మారడానికి అడ్వాన్సు మాట్లాడుకున్నాడు. వాన పడితే వాళ్ళ గదిలో మంచం మీద గొడుగు వేసుకోవాలి. ఇంకొకామె కళ్ళ ఆపరేషన్ ఆపుకుని కూర్చుంది. ఇవన్నీ నాకు తెలుసు. వాళ్ళందరికీ మాటిచ్చింది నేను. అడగని బాకీ ఒకవైపు, రోజూ ఎదురుగా కూర్చుని మొహంలోకి చూసే బాకీ ఇంకోవైపు. నా నాయకత్వం, నా పేరు, అవీ ఉన్నాయి. వాటి సంగతి అప్పట్లో ఒప్పుకునేదాన్ని కాదు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో బెంచీ ఎక్కాను.

"మన చెమట మింగడానికి, తిరిగొచ్చేవి రెండంటే నాలుగంటున్నారు కొందరు. ఏసీ గదిలో కూర్చున్నవాడికి బూటు వాసన తెలుసా? ఎన్ని తిరిగొస్తాయో వాడికి కలలో చెప్పారా? మన బోనసుకి అడ్డొచ్చేవాడు పైవాడైనా సరే, పక్కవాడైనా సరే, మా ఇంట్లో వాడైనా సరే, వదిలేది లేదు!"

పళ్ళేలు బల్లలకేసి కొట్టారు. మా ఇంట్లో వాడు భోజనం వరసలో నిలబడి ఉన్నాడు. వరస అక్కడితో ఆగిపోయింది. వాడి ముందువాళ్ళూ వెనకవాళ్ళూ కాస్త దూరం జరిగారు. వాడు చేతిలో పళ్ళెం తీసుకెళ్ళి శుభ్రమైన పళ్ళేల దొంతర మీదే తిరిగి పెట్టేసి మెట్లెక్కాడు. నేను బెంచీ మీదనుంచి చూశాను. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో గుర్తులేదు, చప్పట్లు గుర్తున్నాయి.

లెక్కలు మూసిన వారంలోనే ఆడిటరమ్మ వచ్చింది. జుట్టు నెరిసిన మనిషి. కాగితం మీది అంకె నమ్మే రకం కాదు. హాలు చూస్తానంది. సేల్‌లో పోయిన బూట్లు చాలావరకు ఇంకా జనం ఇళ్ళల్లోనే ఉన్నాయి, లేదంటే తిరుగు దారిలో ఉన్నాయి. నా బల్ల మీదికి వచ్చింది ఒక పెట్టెడు.

ఆమె వెనక నవ్వులాయన, ఆయన వెనక తమ్ముడు. బల్లల దగ్గర టేపు చింపే చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వాళ్ళు వస్తున్నారని చూసి నల్ల బూట్ల పెట్టెని కాలితో బల్ల కిందికి నెట్టాను. ఎవరూ చెప్పలేదు నెట్టమని.

"ఈ బూట్లకి నాలుగు అన్నారు మీరు. దేన్నిబట్టి?" ఆడిటరమ్మ తమ్ముణ్ణి అడిగింది.

"కొత్త ఫ్యాక్టరీ సరుకండీ. సైజు చిన్నదిగా కుట్టారు. మామూలుకంటే ఎక్కువ తిరిగొస్తాయి."

"మీరు చూశారా?"

"రిటర్న్ హాల్లోంచి తెలిసింది."

"హాల్లోంచి అంటే ఇక్కడ్నుంచే కదండీ" అన్నాడు నవ్వులాయన. "ఈ అమ్మని అడగండి. బూట్ల విషయంలో మా హాల్లో ఈవిడ మాటే ఆఖరు."

ఆడిటరమ్మ నావైపు తిరిగింది. "ఏమ్మా, ఆ నల్ల బూట్లతో ఏదైనా ఇబ్బంది కనిపించిందా?"

హాలంతా నావైపే చూస్తోంది. వాడొక్కడే చూడలేదు. నా బల్ల మీదున్న కత్తెరని చూస్తున్నాడు.

"మా బల్ల దగ్గర అలాంటిదేం లేదండీ" అన్నాను. నా మామూలు గొంతుతో అన్నాను. అవతలి గోడదాకా వినపడి ఉంటుంది.

"మీకు చెప్పింది ఎవరు?" ఆమె మళ్ళీ వాణ్ణి అడిగింది. గదమాయించి కాదు, ఓపిగ్గానే. చెబుతాడేమో అని కాసేపు ఆగింది కూడా.

"ఎవరో అన్నారండీ. గుర్తులేదు."

ఆమె తలూపింది. ముందుకి నడిచారు. నా కాలు బల్ల కింద పెట్టెకి ఆనుకునే ఉంది.

రెండే వేశారు. గీత దాటింది. బోనసు పడిన రోజు హాల్లో నన్ను కుర్చీతో సహా ఎత్తారు. టేపు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దిగేటప్పుడు కుర్చీ ఒరిగి పడబోతే పదిమంది పట్టుకున్నారు.

రెండు అని వేసిన ఆ కాగితం మీద తమ్ముడు సంతకం పెట్టనన్నాడు. ఆధారం చూపించలేని అంకె పట్టుకుని మొండికేశాడని, పని మానుకుని పొమ్మన్నారు. ఇంట్లో మరదలు మూడు రోజులు గిన్నెలతో మాట్లాడింది. నాలుగో రోజు నోరు తెరిచింది.

"చూశావా వదినా మీ తమ్ముడి తెలివి. గాల్లోంచి అంకె పట్టుకొచ్చి ఉద్యోగం గాల్లో కలిపేసుకున్నాడు. నాలుగట నాలుగు. ఎవరు చెప్పారయ్యా అంటే గుర్తులేదట. పెళ్ళిరోజు గుర్తుండదు, సరే. ఉద్యోగం తీసేసే మాట కూడా గుర్తుండదా?"

వాడు ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు.

"నువ్వైనా గడ్డి పెట్టు వదినా. నీ మాటంటే వింటాడు."

నేను గడ్డి పెట్టలేదు. ఏం పెట్టలేదు. "అలసిపోయాడు, వదిలెయ్" అన్నాను. పెద్దమనిషి తరహాలో అన్నాను.

ఊరికి అటువైపున్న ఇనుప సామాన్ల కొట్టులో లెక్కలు రాసే పని దొరికింది వాడికి. జీతం సగం. బస్సు ఛార్జీలు పెట్టుకుని రాలేమని కొట్టు పక్క సందులో రెండు గదులు తీసుకున్నారు. సామాను ఆటోలో ఎక్కించేటప్పుడు వాడు నా గది తలుపు గడియ బిగించి, మరలు సరిచేసి వెళ్ళాడు. "ఒక్కదానివే ఉంటావు" అన్నాడు.

తరవాత బూట్లు వచ్చాయి.

మొదట గోనెల్లో, తరవాత లారీల్లో. బల్లలు చాలక నేలమీద పోశారు. ఒక్కో పార్సిల్లో ఒక్కో చీటీ. వేళ్ళు నొక్కుతున్నాయి. మా నాన్నగారి గోరు లేచిపోయింది. ఇది ఏడో నంబరైతే నేను చిన్నపిల్లాణ్ణి. ప్రతి జతా చేతిలోకి తీసుకోవాలి, లోపల చెయ్యి పెట్టాలి, స్కాను కొట్టాలి. ప్రతి జతా తమ్ముడు చెప్పిందే చెప్పింది. సైజే తప్పుగా ముద్ర వేసిన సరుకు ఎవరికి అమ్ముతారు? మూడో పెట్టె నిండిపోయింది. పారేసేది. రెండు లెక్కన పక్కన పెట్టిన డబ్బు ఎప్పుడో అయిపోయి, రిఫండ్‌లు కొత్త ఏడాది అమ్మకాల్లోంచి పోతున్నాయని పైనుంచి వినపడింది.

నవ్వులాయన హాల్లోకి వచ్చాడు. పరిస్థితి బాగాలేదన్నాడు. కాంట్రాక్టు వాళ్ళందరికీ ఆ నెలాఖరుతో ఆఖరన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఎవర్ని కోస్తారని డాబా మీద వాడు అడిగినదానికి జవాబు వరసగా నిలబడి తాళంచెవులూ గుర్తింపు కార్డులూ అప్పజెబుతోంది.

నేను గేటు దగ్గర కూర్చున్నాను. అరిచాను. ఈసారి రోడ్డవతల టీ కొట్టువాడు కూడా తల తిప్పలేదు. లాభంలో వాటా అడిగినప్పుడు నష్టంలో వాటా ఉండదా అన్నాడు నవ్వులాయన. నా దగ్గర జవాబు ఉండాల్సింది. ఉంది కూడా. అది చెబితే ఆ నష్టాన్ని బల్ల కిందికి నెట్టిన కాలు ఎవరిదో కూడా చెప్పాలి.

టేపు పోతూ నా బల్ల దగ్గరికి వచ్చి చేతికున్న టేపు చుట్ట తీసి పెట్టాడు. కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టేశాడు, ఇక నెలనెలా అద్దె ఎలాగో తెలీదు.

"ఆ రోజు ఆడిటరమ్మకి నేను చెప్పింది..." అన్నాను.

"నువ్వేం చేస్తావు మైకక్కా" అన్నాడు. "నీ పుణ్యాన ఆ నెల జీతమైనా చూశాం."

ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

ఎండలు తగ్గుముఖం పట్టాక ఒక ఆదివారం తమ్ముడి ఇంటికి వెళ్ళాను. ముందు గదిలో పొయ్యి, లోపలి గదిలో మంచం. వాడు కింద కూర్చుని కొట్టులోంచి తెచ్చిన మరలు సైజులవారీగా విడదీస్తున్నాడు. కొట్టు యజమాని అన్నీ ఒకే డబ్బాలో కలిపేశాడట, లెక్క తేలడం లేదట. నన్ను చూడగానే మొహం విప్పారింది. మరదలు గుమ్మం దగ్గర బియ్యం ఏరుతోంది. కూర్చో వదినా అంది.

కుశలప్రశ్నలు అయ్యాయి. నేను చెప్పడానికే వచ్చాను. ఈలోపు వాడే అడిగాడు.

"అక్కా, ఆ నల్ల బూట్లు చివరికి ఎన్నొచ్చాయి?"

దెప్పడం కాదు. మరలు ఏరుతూ, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఇన్నాళ్ళూ ఎవరినడగాలో తెలియక ఆపుకున్నట్టుంది.

"పదిలో అయిదు."

వాడి చెయ్యి ఆగింది. "అయిదా?" లోపల ఏదో కూడికా తీసివేతా చేసుకున్నాడు. "అయితే నేనూ తక్కువే వేశానన్నమాట." ఆ మాటకి నిజంగానే సిగ్గుపడ్డాడు, చెవులు ఎర్రబడ్డాయి. ఆ సిగ్గులోనే తలెత్తి నవ్వాడు. "నువ్వూ తక్కువే చెప్పావక్కా."

బియ్యం చప్పుడు ఆగిపోయింది.

వాడు నాలిక్కరుచుకున్నాడు. మరదలు చేట పక్కన పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఎవరు చెప్పారు?" అంది.

"ఎవరో అన్నార్లే" అన్నాడు వాడు, మరల డబ్బా మీదికి వంగి. "గుర్తులేదు."

"వాడికి గుర్తుంది" అన్నాను. "ఆ నాలుగు నాది. నేనే చెప్పాను. తరవాత అందరి ముందూ కాదన్నాను."

నా గొంతు ఆ చిన్న గది దాటి వినపడి ఉండదు.

మరదలు లేచింది. పొయ్యి దగ్గరికి వెళ్ళి వీపు ఇటు పెట్టి నిలబడింది. కుండలోంచి గ్లాసులోకి నీళ్ళు వంచింది. కలిసున్నప్పుడు నేను పనినుంచి ఎప్పుడొచ్చినా గ్లాసు నా చేతికిచ్చి, తాగేదాకా నిలబడేది. ఆ రోజు నేలమీద, నాకు మూరెడు దూరంలో పెట్టి, చేట తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

తమ్ముడు గ్లాసు నావైపు జరపబోయాడు. వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాను. నేనే వంగి తీసుకుని తాగాను.